మూడు అక్షాల మిషన్‌పై చేత్తో ఇండెక్స్ చేస్తూ నాలుగు ముఖాల మిల్లింగ్: సెట్టింగ్, ప్రోగ్రామ్, పరీక్ష

ఇండెక్స్ చేయడమంటే జాబ్‌ని, అంటే కోసే ముక్కని, లెక్క ప్రకారం కొంత కోణం తిప్పి నిలపడం. మూడు అక్షాల మిషన్‌కి ఎక్స్, వై, జడ్ తప్ప మరేమీ తెలియదు. జాబ్‌ని మీరు 90 డిగ్రీలు తిప్పారా, 89.5 తిప్పారా, అసలు తిప్పడమే మరిచిపోయారా అన్నది దానికి పట్టదు. సైకిల్ స్టార్ట్ నొక్కగానే కోసుకుంటూ పోతుంది. నాలుగో అక్షం ఉన్న మిషన్‌లో కంట్రోలర్ చూసుకునే పని ఇక్కడ ప్రోగ్రామ్ రాసేవాడి నెత్తిన పడుతుంది. ఎక్కడ ఆగాలి, ఆగినప్పుడు టూల్ ఎక్కడుండాలి, ఏ ముఖం పైకి రావాలి, అది నిజంగా వచ్చిందని ఎలా తేలాలి, ఇవన్నీ ముందే కాగితం మీద తేల్చుకోవాలి. టూల్‌పాత్ (టూల్ నడిచే దారి) రాయడం ఈ పనిలో తేలిక భాగం.

వివరాలు గాల్లో మాట్లాడుకోకుండా ఒక జాబ్ పెట్టుకుందాం. 25 మి.మీ. గుండ్రటి 6061 అల్యూమినియం బారు. కొలెట్ (బారుని చుట్టూ పట్టి బిగించే చీలికల గొట్టం) బయటికి 40 మి.మీ. వస్తుంది. చివరి 30 మి.మీ. పొడవున 16 మి.మీ. చదరం కోయాలి. 1, 3 ముఖాల గుండా 5 మి.మీ. అడ్డ రంధ్రం. 2, 4 ముఖాల మీద 6 మి.మీ. వెడల్పు, 3 మి.మీ. లోతున గాడి.

దేనితో పట్టుకోవాలి

నాలుగు లేదా ఆరు ముఖాలకే పరిమితమైతే 5సి కొలెట్ బ్లాక్‌ని (5సి రకం కొలెట్ ఇమిడే పలకల దిమ్మెని) మించింది లేదు. చదరపు బ్లాక్ 90 డిగ్రీల చొప్పున, ఆరు పలకల బ్లాక్ 60 డిగ్రీల చొప్పున వైస్‌లో తిరగేసి బిగిస్తారు. వైస్‌లో పడుతుంది కాబట్టి గట్టిగా ఉంటుంది, లెక్క తప్పే అవకాశం తక్కువ. బిగించే నట్టు బ్లాక్ కన్నా లావుగా ఉంటే దాన్ని దవడల బయటికి వదలాలి. లేకపోతే బ్లాక్ ప్యారలల్స్ (వైస్‌లో కింద పెట్టే సమాన ఎత్తు పట్టీలు) మీద కూర్చోదు.

స్పిన్ ఇండెక్సర్‌లో (చేత్తో తిప్పి పిన్‌తో నిలిపే సాధనం) 10 డిగ్రీలకొకటి చొప్పున 36 గాట్లు, పది రంధ్రాల ప్లేటుతో 1 డిగ్రీ వరకు విభజన దొరుకుతుంది. డ్రిల్లింగ్‌కి, గ్రైండింగ్‌కి బాగుంటుంది. ఎండ్ మిల్ పక్క నుంచి లాగితే మాత్రం వణుకుతుంది. దానిమీద 4.5 మి.మీ. మందం దించాలనుకుంటే అరమిల్లీ చొప్పున ఓపికగా దించుకోవాల్సిందే.

వింత కోణాలుంటే డివైడింగ్ హెడ్ (హ్యాండిల్ తిప్పితే వార్మ్ గేర్ ద్వారా జాబ్‌ని కొద్దికొద్దిగా తిప్పేది). సాధారణంగా నిష్పత్తి 40:1, అంటే హ్యాండిల్ ఒక చుట్టుకి 9 డిగ్రీలు. కావలసిన కోణాన్ని 9తో భాగిస్తే చుట్లు వస్తాయి. 90 డిగ్రీలకి సరిగ్గా 10 చుట్లు. 60కి 6 చుట్లు, 18 రంధ్రాల వృత్తంలో 12 ఖాళీలు. 22 డిగ్రీలకి 2 చుట్లు, అదే వృత్తంలో 8 ఖాళీలు. ఏడు సమాన భాగాలకైతే 5 చుట్లు, 21 రంధ్రాల వృత్తంలో 15 ఖాళీలు. ఇక్కడ లెక్కపెట్టాల్సింది రంధ్రాలను కాదు, రంధ్రాల మధ్య ఖాళీలను. పిన్ ఇప్పుడున్న రంధ్రం సున్నా. దాన్ని ‘ఒకటి’ అని మొదలుపెడితే 18 వృత్తంలో ఒక రంధ్రం తక్కువ పడి అర డిగ్రీ పోతుంది. 20 మి.మీ. వ్యాసార్ధం దగ్గర అది 0.17 మి.మీ. కావలసిన ఖాళీల మేరకు తెరిచిపెట్టుకునే రెండు సెక్టార్ ఆర్మ్‌లు ప్లేటు మీద ఉన్నది ఇందుకే. ప్రతిసారీ వేలితో లెక్కపెట్టకండి.

హెడ్‌లో వార్మ్ గేర్‌కి బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య వదులు) తప్పదు. ఎప్పుడూ ఒకే దిశలో వచ్చి ఆగాలి. దాటిపోతే అక్కడి నుంచే వెనక్కి లాగి సరిపెట్టకుండా అర చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకి రావాలి. ఆ తర్వాత స్పిండిల్ లాక్ బిగించాలి. లాక్ వేయకుండా కోస్తే భారమంతా వార్మ్ పళ్ల మీద పడుతుంది, కోతలో తేడా కూడా వస్తుంది.

ఏ సాధనమైనా ఒక నియమం మారదు: మొదటి ముఖం మొదలుపెట్టాక చివరి ముఖం అయ్యేదాకా కొలెట్ వదులు చేయకూడదు. కొలెట్ బిగిసేటప్పుడు బారుని కొంచెం వెనక్కి లాక్కుంటుంది. వదిలి మళ్లీ బిగిస్తే అటు కోణమూ పోతుంది, ఇటు ఎక్స్ కూడా పోతుంది. అందుకే ఎక్స్ సున్నా కొలెట్ పూర్తిగా బిగించాకే తీయాలి.

అక్షాన్ని వరస చేయడం

కొలెట్‌లో 20 మి.మీ. గ్రౌండ్ టెస్ట్ బార్ పెట్టి, డయల్‌ని (ఎత్తు తేడా చూపే గేజీని) స్పిండిల్‌కి తగిలించి, ఎక్స్ వెంట నడపండి. ఒకసారి బారు నెత్తి మీద, ఒకసారి పక్కన. 150 మి.మీ.లో 0.01 మి.మీ. లోపు తేడా ఉంటే చాలు. నెత్తి మీద తేడా వస్తే కింద చిప్ ఉందేమో ముందు చూడండి, షిమ్ (కింద పెట్టే సన్నని రేకు) సంగతి తర్వాత. బారు పొడుగ్గా ఉండి టెయిల్‌స్టాక్ (బారు రెండో చివరని సెంటర్‌తో ఆపే ఆధారం) వాడుతుంటే, దాని సెంటర్ ఎత్తు కూడా ఇదే బారుతో సరిచూడాలి. సెంటర్‌ని గట్టిగా నొక్కితే సన్నని బారు విల్లులా వంగి మధ్యలో కోత లోతు మారిపోతుంది.

సున్నా ఎక్కడ పెట్టాలి

పని సగం ఇక్కడే తేలుతుంది. మామూలు జాబ్‌లో జడ్ సున్నా పైముఖం మీద పెట్టడం అలవాటు. ఇక్కడ ఆ అలవాటు మానుకోవాలి. వై సున్నా, జడ్ సున్నా రెండూ జాబ్ తిరిగే అక్షం మీదే పెట్టండి. ఎక్స్ సున్నా బారు స్వేచ్ఛగా ఉన్న చివర. అప్పుడు నాలుగు ముఖాలకీ ఒకే జి54 (సున్నా ఎక్కడుందో మిషన్‌కి చెప్పే ఆఫ్‌సెట్) సరిపోతుంది. 16 మి.మీ. చదరంలో ప్రతి ముఖమూ జడ్ 8 దగ్గరే ఉంటుంది. ఎన్నిసార్లు తిప్పినా కొత్తగా టచ్ తీసుకునే (టూల్‌ని తాకించి సున్నా పట్టే) పని ఉండదు. టచ్ తీసుకున్న ప్రతిసారీ ఓ రెండు మూడు మైక్రోన్లో, మిల్లీమీటరులో రెండు మూడు వందో వంతులో పోతాయని చేసినవాళ్లకి తెలుసు.

వై సున్నా తీయడానికి ఎడ్జ్ ఫైండర్‌తో (అంచుని తాకి స్థానం చూపే సాధనం) టెస్ట్ బార్ ముందువైపు, వెనకవైపు తాకించి రెండు అంకెల సగటు తీసుకోండి. రెండు వైపులా ఒకే వ్యాసార్ధం కాబట్టి అది దానంతటదే కొట్టుకుపోతుంది. జడ్ సున్నాకి రిఫరెన్స్ టూల్‌తో బారు నెత్తిని తాకి, అక్కడి నుంచి 10.000 మి.మీ. కిందికి. డివైడింగ్ హెడ్ మీద అయితే బారుని 180 తిప్పి మళ్లీ చూసి సగటు వేయండి. కొలెట్ రనౌట్ (కేంద్రం తప్పి తిరగడం) అలా బయటపడుతుంది.

బ్లాక్‌కి పలక నుంచి అక్షానికి దూరం నాలుగు వైపులా ఒకటేనని నమ్మేయకండి. వైస్‌లో నాలుగు స్థానాల్లోనూ టెస్ట్ బార్ నెత్తి ఎత్తు, పక్క స్థానం చదివి పట్టిక రాసుకోండి. తేడా 0.01 లోపుంటే ఒకే ఆఫ్‌సెట్. అంతకు మించి ఉండి, డ్రాయింగ్ టాలరెన్స్ బిగువుగా ఉంటే జి54, జి55, జి56, జి57 అని ముఖానికొకటి ఇవ్వండి. సున్నా మాత్రం అక్షం మీదే, సవరణ మాత్రమే వేరు. బ్లాక్ పలకల మీద 1, 2, 3, 4 అని గుద్దించుకుంటే ఈ పట్టిక ఎప్పటికీ పనికొస్తుంది. బ్లాక్ లేకుండా చదరపు దిమ్మెనే వైస్‌లో దొర్లించి కోసేటప్పుడు తిరిగే అక్షమంటూ ఉండదు. అప్పుడు ముఖానికో ఆఫ్‌సెట్ తప్పదు, ప్రతిదీ అప్పటికే కోసిన ముఖం నుంచి తీసుకోవాలి.

అటు తిప్పాలా, ఇటు తిప్పాలా

ఎక్కువ పీసులు పాడయ్యేది ఈ ఒక్క గందరగోళంతోనే. హెడ్ ఎడమవైపు, అక్షం ఎక్స్ వెంట, మీరు మిషన్ ముందు నిలబడ్డారనుకోండి. కుడిచేతి నియమం ప్రకారం బొటనవేలు ఎక్స్ ప్లస్ వైపు చూపితే, వేళ్లు ముడుచుకునే దిక్కు ప్లస్. అలా 90 తిప్పితే ఇప్పుడు పైన ఉన్న ముఖం మీ వైపు వాలి ముందుకొస్తుంది, వెనకవైపున్న ముఖం పైకొస్తుంది. కాబట్టి ‘పైముఖం నా మీదకి వాలితే ప్లస్’ అని గుర్తుపెట్టుకుంటే చాలు. క్యామ్‌లో (టూల్‌పాత్ తయారుచేసే సాఫ్ట్‌వేర్) రెండో సెటప్‌కి వెనక ముఖాన్ని ఎంచుకుని, మిషన్ దగ్గర ముందు ముఖాన్ని పైకి తిప్పితే, నాలుగూ ఒకేలా ఉండే చదరంలో ఏమీ తెలియదు. రంధ్రం ఒక పక్కకి ఉన్న జాబ్‌లో మాత్రం అద్దంలో బొమ్మలా తయారవుతుంది.

అందుకని ఆపరేటర్‌కిచ్చే సూచనలో డిగ్రీలు రాయకండి, గుర్తులు రాయండి. బారు చివర, తర్వాత కోసి పారేసే చోట, మార్కర్‌తో మొదటి ముఖానికి ఒక గీత, రెండోదానికి రెండు, అలా నాలుగు దాకా. కూలెంట్‌కి మార్కర్ చెరిగిపోతుందనుకుంటే స్పాట్ డ్రిల్‌తో అవే చుక్కలు పెట్టించవచ్చు. ‘రెండు గీతలు పైకి’ అన్నది తప్పు చదవడం కష్టం. ‘ఏ 90’ (తిరిగే అక్షం ఏ, 90 డిగ్రీలు) అన్నది ఇద్దరు రెండు రకాలుగా చదువుతారు.

క్యామ్‌లో సెటప్‌లు

ముఖానికో సెటప్. అన్నిటికీ మూలబిందువు ఒకటే, అది అక్షం మీద, బారు చివర. ఎక్స్ దిక్కు కూడా ఒకటే. మారేది జడ్ దిక్కు మాత్రమే. మూలబిందువుని ‘స్టాక్ పైభాగం’ (స్టాక్ అంటే అప్పటికి మిగిలున్న లోహం) అన్న ఆప్షన్‌తో ఎప్పుడూ పెట్టకండి. సెటప్ మారినప్పుడల్లా స్టాక్ ఆకారం మారి మూలబిందువు తనంతట తాను జరిగిపోతుంది. మోడల్‌లో అక్షం మీద ఒక స్కెచ్ పాయింట్ గీసి దానికే కట్టేయాలి.

ఒకే సెటప్‌లో టూల్ ఓరియెంటేషన్ మార్చి నాలుగు ముఖాలూ రాసేద్దామనుకుంటే మూడు అక్షాల పోస్ట్ ప్రాసెసర్ (టూల్‌పాత్‌ని మిషన్ కోడ్‌గా మార్చే భాగం) ఒప్పుకోదు, ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. ఆగడమే మంచిది. ఎక్కడో దొరికిన నాలుగు అక్షాల పోస్ట్‌తో కోడ్ తీసి, ‘ఏ’ అనే అక్షరమున్న మాటలను చేత్తో తుడిచేయడం మాత్రం వద్దు. ఆ పోస్ట్ తిప్పుడు ముందు టూల్‌ని ఎంత ఎత్తుకి లేపుతుందో మీ చేతిలో ఉండదు.

ప్రతి సెటప్‌కీ ముందు సెటప్‌లో మిగిలిన స్టాక్‌నే ఇవ్వండి. 25 మి.మీ. వృత్తంలో జడ్ 8 దగ్గర మొదటి ముఖం వెడల్పు 19.2 మి.మీ. వస్తుంది, 16 కాదు. ఎదుటి ముఖమైన మూడోదానికీ అంతే. పక్క ముఖాలైన 2, 4 వంతు వచ్చేసరికి అది తగ్గిపోతుంది. స్టాక్‌ని అప్‌డేట్ చేయకపోతే టూల్ గాలి కోస్తూ సమయం తింటుంది, లేదా ఖాళీ అనుకున్న చోటికి ర్యాపిడ్‌లో (కోత లేని పూర్తి వేగపు కదలిక) దూసుకెళ్తుంది.

సేఫ్ ఎత్తు గురించి మరో మాట. జడ్ సున్నా ఇప్పుడు లోహం మధ్యలో ఉంది. జడ్ 5 అంటే లోహానికి 5 మి.మీ. పైన అని చెయ్యి అలవాటుగా రాసేస్తుంది. ఇక్కడ అది లోహం లోపల. మన బారు నెత్తి 12.5 దగ్గర. బ్లాక్ 44 మి.మీ. ఉంటే దాని నెత్తి 22 దగ్గర. కాబట్టి క్లియరెన్స్ జడ్ 30 అని స్థిరంగా పెట్టుకోండి. దీర్ఘచతురస్రపు దిమ్మె అయితే మూల దూరం లెక్క వేయాలి. 40 × 30 దిమ్మె మూల అక్షం నుంచి 25 మి.మీ. దూరంలో తిరుగుతుంది. పైన క్లియరెన్సే కాదు, హెడ్ మీద తిప్పేటప్పుడు కింద టేబుల్‌కీ అంత ఖాళీ ఉండాలి.

ప్రోగ్రామ్ కట్టే తీరు

మెయిన్ ప్రోగ్రామ్ సన్నగా, ముఖానికో సబ్ ప్రోగ్రామ్ చొప్పున. కింద తెలుగు అక్షరాల్లో ఉన్నా కంట్రోలర్‌లో మామూలుగానే కొట్టాలి.

ఓ1000
జి21
ఎన్100 (ముఖం 1: ఒక గీత పైకి)
జి90 జి17 జి40 జి49 జి80 జి54
ఎం98 పి1001
ఎం9
జి91 జి28 జడ్0
జి90 ఎం5
జి53 జి0 వై0
ఎం0 (రెండు గీతలు పైకి, శుభ్రం, బిగింపు)
ఎన్200 (ముఖం 2: రెండు గీతలు పైకి)

ఇలాగే ఎన్400 వరకు. ఎం98 సబ్ ప్రోగ్రామ్‌ని పిలుస్తుంది. ఎం9 కూలెంట్‌ని, ఎం5 స్పిండిల్‌ని, ఎం0 ప్రోగ్రామ్‌ని ఆపుతాయి. జి90 అంటే సున్నా నుంచి కొలత, జి91 అంటే ఉన్నచోటి నుంచి కొలత. జి28 హోమ్‌కి పంపుతుంది, జి53 మిషన్ సొంత సున్నా నుంచి లెక్క. ఇందులో ఏ వరుసా ఊరికే లేదు.

జి28కి ముందు జి91 మరిచిపోతే, జి90లో ‘జి28 జడ్0’ అంటే ముందు వర్క్ జడ్ సున్నాకి వెళ్లి ఆ తర్వాత హోమ్‌కి వెళ్లమని అర్థం. మన జడ్ సున్నా లోహం మధ్యలో ఉంది! టూల్ ర్యాపిడ్‌లో బారులోకి దిగుతుంది. జి28 అయ్యాక జి90కి తిరిగి రావడమూ అంతే ముఖ్యం, జి53 పని చేసేది అందులోనే.

జి53లో వై సున్నా చాలా మిషన్లలో టేబుల్‌ని ఆపరేటర్ దగ్గరికి తెస్తుంది. టూల్ కింద చేతులు పెట్టి వైస్ విప్పే అవసరం ఉండదు. మీ మిషన్‌లో అటు కాకపోతే అంకె మార్చుకోండి.

ఎం5, ఎం9 విడిగా రాయాలి. ఎం0తో స్పిండిల్ ఆగడం అన్ని కంట్రోలర్లలోనూ ఉండదు. తిరుగుతున్న కట్టర్ కింద చెయ్యి పెట్టే పరిస్థితి రానివ్వకూడదు. ఎం0 బదులు ఎం1 వాడటమూ ప్రమాదమే. ప్యానెల్ మీద ఆప్షనల్ స్టాప్ స్విచ్ ఆఫ్‌లో ఉంటే, తిప్పకుండానే రెండో ముఖం ప్రోగ్రామ్ మొదటి ముఖం మీద నడిచిపోతుంది. మాక్రో సౌకర్యమున్న ఫానక్, హాస్ కంట్రోలర్లలో #3006=1 పక్కన బ్రాకెట్‌లో సందేశం రాస్తే ఆగడంతోపాటు ఆ మాట తెర మీద కనబడుతుంది.

సబ్ ప్రోగ్రామ్ ప్రతిదీ తన కాళ్ల మీద తాను నిలబడాలి. టూల్ పిలుపు, ఎస్6000 ఎం3, ఎక్స్ వై స్థానం, ఆపై జి43 హెచ్1 జడ్30 ఎం8, ఆ తర్వాతే కోత. ముందు ముఖంలో అదే టూల్ వాడాం కదా అని స్పిండిల్ వరుస వదిలేస్తే, ఎం0 తర్వాత ఆగి ఉన్న కట్టర్ లోహంలోకి నడుస్తుంది. జి43 (టూల్ పొడవు సవరణ) వదిలేస్తే టూల్ పొడవంత కిందికి దిగుతుంది. ఇలా రాసినందుకు ఇంకో లాభం ఉంది. మూడో ముఖం మధ్యలో కరెంటు పోతే ఎన్300 నుంచి ఏ భయమూ లేకుండా మొదలుపెట్టొచ్చు.

జీఆర్‌బీఎల్ లాంటి చిన్న కంట్రోలర్లలో ఎం98 గానీ డ్రిల్లింగ్ సైకిళ్లు గానీ ఉండవు. అక్కడ ముఖానికో ఫైలు రాసి, ఫైలు పేరులోనే ముఖం సంఖ్య పెట్టడం సులువు.

కోత అంకెలు: 10 మి.మీ. మూడు పళ్ల కార్బైడ్ ఎండ్ మిల్, 6000 ఆర్‌పీఎం, పంటికి 0.05 చొప్పున నిమిషానికి 900 మి.మీ. ఫీడ్. మొత్తం దించాల్సింది 4.5. దాన్ని 1.5, 1.5, 1.3 చొప్పున మూడు దఫాలు దించి, 0.2 ఫినిషింగ్‌కి వదలండి.

ఏ ముఖం ముందు, ఏ టూల్ ముందు

ఎదురెదురు ముఖాలు వెంటవెంటనే రఫ్ చేయడం (ముతకగా కోయడం) మంచిది: 1, 3, 2, 4. కోల్డ్ డ్రా చేసిన బారులో ఒక పక్కే లోహం తీస్తే అది వంగుతుంది. పొడవు ఎక్కువున్న జాబ్‌కి నాలుగు ముఖాలూ రఫ్ చేశాకే ఫినిషింగ్‌కి రావాలి. తిప్పుళ్లు రెట్టింపవుతాయి, తప్పదు. మన 30 మి.మీ. ముక్కకి అంత అక్కర్లేదు. ఈ క్రమం పాటిస్తే ఎం0 సందేశాలు కూడా అదే వరుసలో మార్చాలని వేరే చెప్పక్కర్లేదు.

టూల్ ఛేంజర్ ఉంటే ముఖం పూర్తిచేసి తిప్పండి. టూళ్లు కూడా చేత్తోనే మార్చేవారికి ఇది లెక్క వేయాల్సిన సంగతి. మూడు టూళ్లు, నాలుగు ముఖాలు అనుకుంటే ముఖం ముఖమే పూర్తిచేస్తే 12 సార్లు టూల్ ఎక్కించాలి. ఒక ముఖంలో చివరి టూల్‌తోనే తర్వాతి ముఖం మొదలుపెడితే 9. టూల్ వారీగా చేస్తే టూల్ ఎక్కించేది 3 సార్లే, కానీ జాబ్‌ని 12 స్థానాల్లో పెట్టాలి. టూల్ ఎక్కించిన ప్రతిసారీ జడ్ తాకించాల్సిన మిషన్ అయి, చేతిలో మంచి కొలెట్ బ్లాక్ ఉంటే టూల్ వారీగానే నయం. డివైడింగ్ హెడ్ మీద 12 సార్లు లెక్కపెట్టడం కన్నా టూల్ మార్చడమే మేలు.

ఎం0 దగ్గర చేయాల్సినవి

వైస్ విప్పాక బ్లాక్‌ని తీసి, పలకలూ ప్యారలల్సూ దవడలూ బ్రష్‌తో తుడవండి. ఇప్పుడే కోసిన అంచుల బర్ (పొడుచుకొచ్చిన లోహపు ముళ్లు) తీసేయండి. బ్లాక్ చివర వైస్ స్టాప్‌కి ఆనేలా పెట్టి, సగం బిగించి, మెత్తటి సుత్తితో తట్టి, పూర్తిగా బిగించండి. ప్యారలల్స్ రెండూ వేలితో కదిపితే కదలకూడదు. ఒకటి కదిలినా కింద చిప్ ఉన్నట్టే. స్పిండిల్‌కి తగిలించిన డయల్‌ని బ్లాక్ నెత్తి మీద వై వెంట 30 మి.మీ. నడపండి. 0.05 తేడా కనబడితే కోణం దాదాపు 0.1 డిగ్రీ పోయినట్టు.

మొదటి ముక్కతో పరీక్ష

అసలు జాబ్ ముందు ఒక పారేసే ముక్క మీద రెండు కోతలు వేస్తే సున్నాల తప్పు రెట్టింపై కనబడుతుంది.

జడ్ కోసం: ముఖం 1ని జడ్ 10 దగ్గర కోయండి. 180 తిప్పి అదే టూల్‌తో, అదే జడ్ 10 దగ్గర మూడో ముఖం కోయండి. మందం 20.00 రావాలి. 20.06 వస్తే మీ సున్నా అక్షం కన్నా 0.03 పైన ఉందని అర్థం, జి54 జడ్‌ని 0.03 కిందికి దించండి. ఆ టూల్ పొడవులోని తప్పు కూడా ఈ కొలతలోనే కలిసిపోతుంది కాబట్టి, సున్నా తీసిన రిఫరెన్స్ టూల్‌తోనే ఈ పరీక్ష చేయాలి.

వై కోసం: 6 మి.మీ. ఎండ్ మిల్‌తో వై సున్నా మీద, బారు చివర నుంచి లోపలికి ఒక గాడి, కొన్ని దఫాలుగా జడ్ మైనస్ 0.5 వరకు. 180 తిప్పి మళ్లీ అదే. బారుని చివర నుంచి చూస్తే పై గాడి, కింది గాడి గోడలు కలిసే చోట మెట్టు కనబడుతుంది. ఆ మెట్టు వై తప్పుకి రెట్టింపు. కట్టర్ వ్యాసం కొంచెం అటూ ఇటూ ఉన్నా ఫలితం మారదు, ఎందుకంటే మెట్టు రెండు గోడల మీదా ఒకే దిక్కుకి పడుతుంది. మెట్టు 0.08 ఉండి, ఇప్పుడు కోసిన పై గాడి కింది గాడి కన్నా వెనక్కి ఉంటే, జి54 వైని 0.04 ముందుకి, అంటే వై మైనస్ దిక్కుకి జరపండి. ఈ సవరణ చేయకుండా 5 మి.మీ. అడ్డ రంధ్రాన్ని రెండు వైపుల నుంచీ తొలిస్తే, పిన్ దూర్చేటప్పుడు ఆ మెట్టు దగ్గరే పట్టేస్తుంది.

డివైడింగ్ హెడ్ వాడితే నాలుగో ముఖం అయ్యాక ఇంకో 10 చుట్లు తిప్పి మొదటి ముఖాన్ని మళ్లీ పైకి తెచ్చి డయల్ పెట్టండి. వై వెంట మొదటిసారి చూపినంతే చూపితే లెక్క ఎక్కడా జారలేదు. చూపకపోతే ఆ ముక్కని పక్కన పెట్టి, కొలెట్ విప్పకముందే ఏ ముఖం దగ్గర జారిందో ఒక్కొక్కటీ పైకి తెచ్చి చూడండి. కొలెట్ విప్పితే ఆ ఆధారం ఇక దొరకదు.